దవడకు కట్టిన తువ్వాలు

రండి, మంట దగ్గరకు జరగండి. జనవరి చలిలో మిరప కల్లం కాపలా అంటే మంట లేకుండా అయ్యే పని కాదు. మాది భద్రాచలం ప్రాంతంలోని చర్ల వైపు. అదిగో, ఆ మోదుగ చెట్ల అవతల ఇంకో మంట కనిపిస్తోంది చూశారా? మా చేలో కాయ కోయడానికి వచ్చిన ముఠా వాళ్ళది. ఛత్తీస్‌గఢ్‌లోని చింతలనార్ వైపు నుంచి వచ్చారు. కొందరు అడవి దారిన నడిచి వస్తారు, కొందరు దోర్నపాల్, కుంట మీదుగా దొరికిన బండి ఎక్కి వస్తారు. చేను గట్టున పరదాలు కప్పి గుడిసెలు వేసుకుంటారు. పిల్లాజెల్లా అంతా వెంటే. కోతలయ్యాక కూలి డబ్బులతో పాటు కొంత ఎండుకాయ మూట కట్టుకుని వెళతారు. ఏళ్ళుగా ఇదే వరస.

చింతలనార్ అనగానే మీలో చాలామందికి 2010 ఏప్రిల్ 6 గుర్తొచ్చి ఉంటుంది. పక్కనున్న తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది బలగాల వాళ్ళు చనిపోయిన రోజు అది. చింతలనార్ పేరు ఆ రోజే దేశమంతా వినపడింది. ఆ తర్వాత కూడా ఆ పేరు పేపర్లో పడిందంటే కాల్పుల వార్తే అయి ఉంటుంది. అక్కడి మనుషులకు ఒళ్ళు నొప్పులు ఉంటాయని, జ్వరాలు వస్తాయని, పళ్ళు పుచ్చుతాయని ఎవరు రాస్తారు? నేను ఇవాళ ఆ పళ్ళ గురించే మాట్లాడదామని కూర్చున్నాను.

ఆ ఊరి పేరు వింటే నా మనసులోకి ముందు చింతచెట్టు వస్తుంది. గోండిలో ‘నార్’ అంటే ఊరు. ముందున్న ‘చింతల’ మన చెవికి మన మాటలాగే వినపడుతుంది. బస్తర్ అడవి చింతపండు జగదల్‌పూర్ మార్కెట్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి మన సాంబార్లలోకీ పులిహోరల్లోకీ చేరుతుంది. చిన్నప్పుడు పచ్చి చింతకాయ ఉప్పులో అద్దుకుని తిని, సాయంత్రానికి అన్నం ముద్ద నమల్లేక, ‘అమ్మా, పళ్ళు పులిశాయే’ అని ఏడవని వాళ్ళు మనలో ఎవరున్నారు? పులుపు తగిలితే పంటి మీది పింగాణీ పొర కాస్త మెత్తబడుతుంది. నోట్లో ఊరే లాలాజలం దాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది. అందుకే పులుపు తిన్న వెంటనే బ్రష్షు పెట్టి రుద్దకూడదు. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి అప్పుడు తోముకోవాలి. పులిసిన పళ్ళు తెల్లారేసరికి వాటంతటవే సర్దుకుంటాయి. గొయ్యి పడ్డ పన్ను మాత్రం అలా సర్దుకోదు. ఆ గొయ్యి తనంతట తాను పూడదు.

పోయిన ఏడు ఇదే ముఠాలో ఒకావిడ దవడకు తువ్వాలు కట్టుకుని కాయ కోస్తూ కనిపించింది. తువ్వాలు గడ్డం కింద నుంచి తీసి నడినెత్తిన ముడి వేసింది. ఎండకు కట్టుకుందేమో అనుకున్నాను. రెండో రోజూ అలాగే ఉంది. ‘ఏమ్మా, ఏమైంది?’ అంటే తల అడ్డంగా ఊపి పని చేసుకుంటూ పోయింది. ముఠా మేస్త్రీకి తెలుగు బాగా వచ్చు. ‘పంట్లో పురుగు పడింది సారూ. వాకుడు కాయ పొగ పట్టించాం. పురుగులు పడ్డాయి కూడా. రేపటికి తగ్గుద్ది’ అన్నాడు.

వాకుడు కాయ పొగ మాకు కొత్త కాదు. మా నాయనమ్మ కూడా పట్టించేది. గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో నోట్లోకి పట్టించేవాళ్ళు. పంట్లో పురుగు అనే నమ్మకం మన దగ్గర పుట్టిందేమీ కాదు, బాబిలోనియా మట్టిపలకల మీద కూడా ఉంది. ఇంగ్లండులో ఒకప్పుడు ఖురాసానీ వాము గింజలతో ఇదే వైద్యం చేసేవాళ్ళు. వేడికి గింజ పగిలి లోపలి తెల్లటి మొలక బయటికి వస్తే అచ్చం పురుగులాగే ఉంటుంది. చూసినవాళ్ళు నమ్మకుండా ఎలా ఉంటారు? పొగకు నరం కాసేపు మొద్దుబారి నొప్పి కూడా తగ్గొచ్చు. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటారు. ఆ అనుకోవడం దగ్గరే మోసపోతాం. పంటి లోపలి నరం చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది, కానీ చీము కిందికి దిగుతూనే ఉంటుంది.

మూడో రోజు పొద్దున ఆవిడ పనిలోకి రాలేదు. గుడిసె దగ్గరకు వెళ్ళి చూస్తే ఎడమ దవడ కింద కోడిగుడ్డంత వాపు, ఒళ్ళు కాలిపోతోంది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరవలేకపోతోంది. పొద్దుటి నుంచి గుటక కూడా కష్టంగా ఉందని మేస్త్రీ చెప్పాడు. పక్క చేను ఆయన వచ్చి, ఇటుక వేడి చేసి కాపడం పెట్టమన్నాడు. మా ఇంటావిడ వద్దంటే వద్దని అడ్డం పడింది. తన చెల్లెలు నర్సు, ఎప్పుడో చెప్పిందట. చీము పట్టిన వాపు మీద బయట నుంచి వేడి పెడితే అది లోపల్లోపలే పాకుతుందని. దవడ కింది వాపు గొంతు వైపు పాకిందంటే ఊపిరే ఆగిపోయే ప్రమాదం. ఇది మాటవరసకు చెబుతున్నది కాదు, పంటి నొప్పితో మొదలై ప్రాణం పోయిన వాళ్ళున్నారు. ఆటో మాట్లాడి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైను పెట్టి ఇంజెక్షన్లు ఇచ్చారు. వాపు తగ్గాక పంటి డాక్టరమ్మ ఆ దవడ పన్ను తీసేసింది. కింద పెడితే టంగుమంది. పైన సగం లేదు. ఉన్న సగంలో పెసరగింజ పట్టేంత గొయ్యి.

ఖర్చు లెక్క చెబుతాను వినండి. ఆసుపత్రిలో ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆటో మూడుసార్లు తిరిగింది. ఆవిడ వారం కూలి పోయింది. తోడు వచ్చిన మొగుడికీ నాలుగు రోజుల కూలి పోయింది. ఏడాదికోసారి దొరికే కోతల కాలంలో వాళ్ళింటికి అది చిన్న దెబ్బ కాదు. బీదవాళ్ళకు పంటి వైద్యం ఎందుకు ఖరీదో నాకు ఆ వారంలోనే తెలిసొచ్చింది. మందుకు పెట్టేదానికంటే దారికి, పోయిన పనికి పెట్టేదే ఎక్కువ. ఆ పన్ను ఓ నల్ల చుక్కగా ఉన్నప్పుడే ఎవరైనా చూసి ఉంటే ఒక్క పూటతో పోయేది.

డిశ్చార్జి అయి వచ్చిన సాయంత్రం ఆవిడ కూతుర్ని రెక్క పట్టుకుని మా కల్లం దగ్గరకు తీసుకొచ్చింది. ఏడేళ్ళుంటాయి పిల్లకు. ‘నాది పోయింది సారూ, దీనిది చూడు’ అంది. వచ్చీరాని తెలుగులో ఆ నాలుగు మాటలే. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి. అయినా ఫోన్లో లైటు వేసి చూశాను. ముందు రెండు పాలపళ్ళు ఊడి, కొత్తవి రంపపు అంచుతో సగం వచ్చి ఉన్నాయి. కింది దవడలో నడిమధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడికి పాలపళ్ళ వరస అయిపోవాలి. దాని వెనక ఆరోది, పెద్దది, వెడల్పుది, మీద గాళ్ళు గాళ్ళుగా ఉంది. ఆ గాడిలో నల్లగా సూదిమొన అంత చుక్క.

ఈ ఆరో పన్ను గురించి ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పాలని నా ఆరాటం. ఆరేళ్ళ వయసుకు కాస్త అటూఇటూగా, పాలపళ్ళన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఏదీ ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే అనుకుంటాం. పుచ్చితే పుచ్చిందిలే, ఊడి కొత్తది వస్తుందిగా అని వదిలేస్తాం. అది ఊడేది కాదు. జన్మకంతా అదే. పాలపళ్ళు ఇరవై, అసలు పళ్ళు ముప్పై రెండు అని బళ్ళో నేనూ పిల్లలతో వల్లె వేయించాను. ఆ ముప్పై రెండులో మొదట వచ్చేవాటిలో ఇదొకటని, అన్నిటికంటే ఎక్కువ నమిలేది ఇదేనని, అన్నిటికంటే ముందు పుచ్చేదీ ఇదేనని ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. ఆ తప్పు దిద్దుకుందామనే ఈ కబుర్లు. మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే ఈ రాత్రే లైటు వేసి చూడండి. నడిమి నుంచి ఆరోది.

పిల్లను మర్నాడే అదే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. గొయ్యి శుభ్రం చేసి సిమెంటు పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టలేదు. ఈ ఏడు వాళ్ళమ్మతో పాటు మళ్ళీ వచ్చింది ఆ పిల్ల. వచ్చీరాగానే నా దగ్గరకొచ్చి నోరు తెరిచి చూపించింది. పన్ను అలాగే ఉంది.

అసలు పన్ను ఎందుకు పుచ్చుతుంది? పళ్ళ మీద కంటికి కనపడని క్రిములు పాచిలాగా అంటుకుని ఉంటాయి. మనం తిన్న తీపి వాటికీ తిండే. అవి దాన్ని తిని పులుపు వదులుతాయి. చింతకాయ పులుపు నోట్లోంచి పోతుంది, ఈ పులుపు మాత్రం పాచి కింద పంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ ఓ అరగంట దాకా పంటి లోంచి సున్నం కరుగుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామనే దానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. అన్నం తిన్నాక ఒక లడ్డూ తినేస్తే ఒక్క దెబ్బ. బిస్కెట్ పాకెట్ పొద్దంతా జేబులో పెట్టుకుని ఒక్కొక్కటే నములుతుంటే పదిహేను దెబ్బలు. కోయ గూడేల ముసలివాళ్ళ నోళ్ళు చూడండి, పళ్ళు అరిగి ఉంటాయి గానీ పుచ్చినవి తక్కువ. వాళ్ళ చిన్నతనంలో జావ, గట్కా, దుంపలు, ఇప్పపువ్వు. తీపి అంటే తేనె దొరికిన నాడు తేనె. ఇప్పుడు ఏ సంతకు వెళ్ళినా తాళ్ళకు వేలాడే పాకెట్లు, రంగునీళ్ళ సీసాలు, గ్లాసులో సగం పంచదార పోసిన టీ. రోడ్డు పడ్డాక ముందుగా వచ్చేవి ఇవే. రోడ్డు రావద్దని నేననను. పాకెట్లు వచ్చిన రోడ్డు మీద బ్రష్షు కూడా రావాలంటున్నాను.

వేపపుల్ల మంచిది కాదా అని అడుగుతారు. మంచిదే. పొద్దున్నే వేపపుల్లో కానుగపుల్లో ఓపిగ్గా నమిలి కుంచె చేసి తోముకునే వాళ్ళను నేనెప్పుడూ మానమని చెప్పను. దానికి అందని చోట్లు ఉన్నాయని మాత్రం చెబుతాను. దవడ పళ్ళ లోపలి వైపు, పన్నుకూ పన్నుకూ మధ్య సందు, చిగురు అంచు. గార కట్టేది అక్కడే. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక మాత్రం వద్దు. అప్పటికి తెల్లగా మెరిసినా పింగాణీని గరగరా గీసేస్తాయి. ఒకసారి అరిగిన పింగాణీ మళ్ళీ రాదు. మెత్తటి బ్రష్షు ఒకటి, ఫ్లోరైడు ఉన్న పేస్టు పది రూపాయల ట్యూబు ఒకటి చాలు. పొద్దున ఎలాగూ తోముతాం. రాత్రి పడుకోబోయే ముందు తోమడం అంతకంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోతుంది, పళ్ళను కడిగే నాథుడు ఉండడు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత పేస్టు, ఆపైన బఠాణీ గింజంత. ఉమ్మేసి ఊరుకోవాలి, గ్లాసుల కొద్దీ నీళ్ళు పోసి కడిగేస్తే మందు కూడా కొట్టుకుపోతుంది.

ఫ్లోరైడు మాట ఎత్తగానే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. మర్రిగూడ మనుషుల వంగిపోయిన కాళ్ళు చూసిన తెలుగువాళ్ళకు ఆ భయం సహజం. నల్గొండలో బావుల్లోంచి, బోర్లలోంచి లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్ళను ఏళ్ళ తరబడి తాగారు, వాటితోనే వండుకున్నారు. అది ఎముకల్లోకి పోయింది. పేస్టులోది పంటి పైపైన తగిలి, కరిగిన సున్నాన్ని తిరిగి గట్టిపరుస్తుంది. మింగకుండా ఉమ్మేస్తాం కాబట్టి ఒంట్లోకి పెద్దగా పోదు. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ళ వాళ్ళు చిన్నపిల్లల పేస్టు విషయంలో డాక్టర్ని అడిగి వాడడం మంచిది. మిగతా వాళ్ళు భయపడనక్కర్లేదు.

నన్ను నిజంగా భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అని అమ్ముతారు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసిన నల్లటి ముద్ద. చిన్న డబ్బా. వేలితో తీసి చిగుళ్ళ మీద రుద్దుతారు. పొద్దున పళ్ళు తోముకోవడంగా మొదలవుతుంది. తర్వాత అది లేకపోతే బహిర్భూమికి పోలేమంటారు, పనికి చెయ్యాడదంటారు, రోజుకు నాలుగైదుసార్లు. ఆడవాళ్ళు కూడా రుద్దుతారు, వాళ్ళను చూసి పిల్లలూ. పళ్ళు తోమే పొడిలో, పేస్టులో పొగాకు కలపకూడదని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. గుడాఖు ఇంకా సంతలో దొరుకుతూనే ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిట్లో పుండ్లు తెచ్చుకున్నది మనకు తెలుసు. ఇది అలాంటిదే. మా చేలోకి వచ్చేవాళ్ళకు నేను ఒక్క మాటే చెబుతాను. నోట్లో తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ పుండు గానీ రెండు వారాలకు మానకపోతే, నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరుకు చూపించి తీరాలి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఇక డబ్బు సంగతి. పట్నంలో రూట్ కెనాల్, దాని మీద క్యాప్ అంటే వేలు కావాలి. అది విని చాలామంది అసలు ఆసుపత్రి గడపే తొక్కరు. తక్కువలో అయ్యే దార్లు ఉన్నాయి, అవి నొప్పి రాకముందే తెలిసి ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా పంటి డాక్టరు ఉండరు. అక్కడ నొప్పి మాత్ర దొరుకుతుంది, పై ఆసుపత్రికి చీటీ దొరుకుతుంది. సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి వీటిలో పంటి విభాగం ఉండాలి. పన్ను తీయడం, గార తీయడం, సిమెంటు పెట్టడం ఉచితంగానో నామమాత్రపు చీటీ మీదో చేస్తారు. వెళ్ళే ముందు ఒక ఫోన్ చేసి డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. దారి ఖర్చు పెట్టుకుని వెళ్ళి తాళం చూసి తిరిగొచ్చిన వాళ్ళు రెండోసారి వెళ్ళరు.

రెండో దారి దంత వైద్య కళాశాలలు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విజయవాడలో ఉంది, కడపలో ఉంది. ఛత్తీస్‌గఢ్ వాళ్ళకు రాయ్‌పూర్‌లో ఉంది. ఖమ్మం లాంటి చోట్ల ప్రైవేటు కళాశాలలూ ఉన్నాయి. అక్కడ ఫీజు తక్కువ, ఎందుకంటే చదువుకునే పిల్లలు పని నేర్చుకోవాలంటే రోగులు కావాలి. విద్యార్థి చేస్తాడా అని జంకకండి. ప్రతి మెట్టులోనూ ప్రొఫెసర్ వచ్చి చూసి సరే అన్నాకే ముందుకు పోతారు. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పడుతుంది, నాలుగైదుసార్లు తిరగాల్సి వస్తుంది. డబ్బు బదులు ఓపిక పెట్టుబడి. కట్టుడు పళ్ళ సెట్టు కావలసిన పెద్దవాళ్ళకు నేను ముందు చెప్పేది ఈ దారే. సంతల్లో, బస్టాండు పక్కన గొడుగు వేసుకుని అరగంటలో పన్ను కట్టేస్తామనే వాళ్ళ దగ్గరకు మాత్రం పోకండి. తీగ చుట్టి, పక్క పళ్ళకు రంగు ముద్ద అంటించి ఇచ్చేస్తారు. దాని కింద తిండి ఇరుక్కుని మంచి పళ్ళు కూడా కదిలిపోతాయి. ఆయుష్మాన్ కార్డు ఉంది కదా అంటారేమో, అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యాలకు. రోజువారీ ఓపీలో సిమెంటు పెట్టించుకోవడానికి పనికిరాదు.

అర్ధరాత్రి పన్ను సలిపితే? గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. దూదికి ఒక్క చుక్క లవంగ నూనె అద్ది గొయ్యిలో పెట్టండి, చిగురుకు తగలనివ్వకండి. పారాసిటమాల్ మింగండి. మాత్రను చిగురు మీద అణిచిపెట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అది చిగురును కాల్చేస్తుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని రెండు రోజులు వేసుకుని మానేయడం అన్నిటికంటే చెడ్డది. నోరు తెరుచుకోకపోయినా, గుటక పడకపోయినా, వాపుతో జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.

ఇప్పుడు మళ్ళీ చింతలనార్ వెళదాం. నేను చెప్పిన దార్లు అక్కడ కూర్చుని వింటే ఎలా ఉంటాయో ఊహించండి. ఊరి నుంచి దోర్నపాల్ హైవే ఎక్కాలంటే నలభై కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణుంచి జిల్లా కేంద్రం సుక్మా. సుక్మా నుంచి మెడికల్ కాలేజీ ఉన్న జగదల్‌పూర్ వంద కిలోమీటర్లు. దంత వైద్య కళాశాల ఉన్న రాయ్‌పూర్ ఇంకో మూడు వందలు. అందుకే కిందికి, కుంట దాటి చింతూరు, భద్రాచలం వైపు వస్తారు. మాట కలుస్తుంది, చుట్టాలున్నారు, కూలి పనికి ఎలాగూ వచ్చే దారి. దోర్నపాల్ నుంచి జగర్‌గుండ రోడ్డు ఏళ్ళ తరబడి బలగాల కాపలా మధ్య వేశారు. 2025 మేలో జగర్‌గుండలో మళ్ళీ బ్యాంకు తెరిచారు. బ్యాంకు వచ్చిన చోటికి పంటి డాక్టరు రాలేరా?

రావచ్చు, కుర్చీ లేకుండానే రావచ్చు. 1980ల నడుమ టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం ఒక పద్ధతి కనిపెట్టారు. డ్రిల్లు అక్కర్లేదు, మత్తు ఇంజెక్షన్ చాలాసార్లు అక్కర్లేదు. పుచ్చిన మెత్తటి భాగాన్ని చేతి పనిముట్టుతో గీకి తీసేసి, గ్లాస్ అయానమర్ సిమెంటు అద్దుతారు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి తలాపున కూర్చుంటే చాలు. ఇంకా తేలికైనది సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే మందు. గొయ్యి మీద ఒక చుక్క రాస్తే చాలామందిలో పుచ్చు అక్కడితో ఆగుతుంది. ఆ చోటు నల్లబడుతుంది, ముఖ్యమైన లోటు అదే. ఈ మందును, ఆ సిమెంటును, ఫ్లోరైడు పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తప్పనిసరి మందుల జాబితాలో చేర్చింది. ఇవన్నీ ఒక సంచిలో పడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో సంతకు వైద్యం తీసుకెళ్ళే ఏర్పాటు కొత్తది కాదు. 2019 అక్టోబరు 2న హాట్ బజార్ క్లినిక్ పథకం అందుకే పెట్టారు. ఊరూరా మితానిన్‌లు ఉన్నారు. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో నెచ్చెలి, మన ఆశా కార్యకర్తల కంటే ముందే వచ్చినవాళ్ళు. సంత రోజున ఆ సంచితో ఒక పంటి డాక్టరు కూర్చుని, మితానిన్ ఆరేళ్ళ పిల్లల్ని వెతికి తీసుకొస్తే, ఆ తల్లి పంటి కథ ఆ పిల్లల్లో మళ్ళీ నడవదు. దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. హౌస్ సర్జన్ల ఒక్క నెల పనిని ఇలాంటి సంతలకు రాసిస్తే సరిపోతుందని నా గట్టి నమ్మకం.

అది జరిగేదాకా, వాళ్ళు మన చేలల్లో మూడు నెలలు ఉంటున్నారు. చర్ల, వెంకటాపురం, దుమ్ముగూడెం మిరప రైతులందరికీ నాది ఒక్కటే విన్నపం. ముఠా దిగిన రోజున బియ్యం, ఉప్పు ఇస్తాం కదా, వాటితో పాటు మనిషికో బ్రష్షు, గుడిసెకో పేస్టు ఇవ్వండి. పిల్లల ఆరో పన్ను ఒక్కసారి చూడండి. చేలో ఎవరైనా దవడకు తువ్వాలు కట్టుకుని కనిపిస్తే ఆ పూట కూలి కోయకుండా ఆసుపత్రికి బండి ఎక్కించండి.

మంట తగ్గింది, ఆ రెండు కర్రలు ఎగదోయండి.